మేనేజరుగారి ప్రాతఃకాల కార్యక్రమం

పరుపులు కుట్టే ఆయన్ని వీధిలో అందరూ పరుపులాయన అంటారు. యాభై దాటినా, అక్క దృష్టిలో ఆయనకింకా ముక్కు తుడుచుకోవడం రాదు. కింద కొట్టు, పైన రెండు గదులు. అక్కా, తమ్ముడూ, మేనేజరూ అక్కడే కాపురం. మేనేజరంటే కుక్క. పూచికపుల్ల పని చెయ్యకుండా పొద్దస్తమానం గుమ్మంలో పడుకుని అందరి పనీ పర్యవేక్షిస్తుంది కనుక ఆ పేరు ఖాయమైంది.

దాని ఆలనాపాలనా అంతా అక్కదే. ఆ అక్క మోకాలి ఆపరేషనుకు ఆస్పత్రిలో చేరింది. నడక కుదిరేదాకా పంపేది లేదన్నారు డాక్టర్లు. ఇంటిమీద ఏ కాస్త బెంగ పుట్టినా కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చేసే రకం ఆవిడ. వచ్చిందంటే ఆ మోకాలు జన్మలో వంగదు. అందుకే తమ్ముడు ఫోనులో, "ఇక్కడంతా బ్రహ్మాండంగా ఉందక్కా" అని కోతలు కోసేవాడు.

ఆ బ్రహ్మాండం ఏమిటంటే, మేనేజరు వీధిలో పని కానివ్వడం మానేసింది. చెట్టు చూపించాడు, స్తంభం చూపించాడు, బతిమాలాడు, బిస్కెట్టు ఆశ పెట్టాడు. అది బిస్కెట్టు తిని, ఆకాశం చూసి, ఇంటికొచ్చి తాపీగా కానిచ్చేది. ఒకరోజు వంటింట్లో, ఒకరోజు ఆయన చెప్పులో. అక్క పరుపు జోలికి పోలేదు కదా అని సంతోషించేలోపే ఆ ముచ్చటా తీర్చింది. ఇల్లు కడిగి కడిగి పరుపులాయనకు తినే అన్నం కూడా ఫినాయిలు వాసనేసింది.

ఒకరోజు పొద్దున్నే స్తంభం దగ్గర పడిగాపులు కాస్తుంటే ఫోను మోగింది. ఒక చేతిలో కుక్క తాడు ఉండడంతో స్పీకరు నొక్కాడు.

"ఏమైనా తిన్నావురా?" అంది అక్క.

"లేదక్కా."

"కడుపు మాడ్చుకుని ఎవర్నుద్ధరిద్దామని? చెట్టంత ఎదిగావు, తినమని కూడా నేనే చెప్పాలా?" అని అందుకుంది.

మేనేజరు చెవులు రిక్కించింది. గిర్రున ఒకసారి తిరిగి, స్తంభం మొదట్లో కూర్చుని, తృప్తిగా పని కానిచ్చింది.

పరుపులాయనకు అప్పుడు వెలిగింది. రోజూ పొద్దున అక్క కుక్కను పట్టుకుని వీధిలో నిలబడి, కొట్టు తలుపులు తీస్తున్న తమ్ముణ్ణి తిడుతుంది. మేనేజరు ఇన్నేళ్లూ ఆ తిట్ల మీదే కాలకృత్యాలు తీర్చుకుంటోంది. అవి వినపడకపోతే దానికి రాదు.

ఇక రోజూ తిట్లు సంపాదించడం ఆయన పనయింది. అదేం ఆషామాషీ వ్యవహారం కాదు. తప్పు మరీ చిన్నదైతే అక్క "ఊఁ" అని ఊరుకుంటుంది, మరీ పెద్దదైతే బయల్దేరి వచ్చేస్తుంది. పగలంతా పరుపులు కుడుతూ మర్నాటికి సరిపడా తప్పు ఆలోచించుకునేవాడు. పాలు పొంగిపోయాయన్నాడు. గొడుగు పోయిందన్నాడు. తల దువ్వుకోవడం మానేశానన్నాడు, అది దివ్యంగా పనిచేసింది. అన్నేసి మాటలు పడుతూ ముసిముసిగా నవ్వే మనిషిని చూసి, ఎదురింటి ఇస్త్రీ ఆవిడ ఈయనకేదో అయిందనుకుంది.

అలాగే ఒక పొద్దున, "అక్కా, కొట్టు తాళంచెవి పారేశాను" అన్నాడు.

"పోన్లేరా," అంది అక్క నీరసంగా.

అక్క నోట ఆ మాట పుట్టి బుద్ధెరిగి ఆయనెప్పుడూ వినలేదు. మేనేజరు కూడా అనుమానంగా ఫోను వంక చూసింది.

"నొప్పిగా ఉందా అక్కా?"

"నావల్ల కావట్లేదురా. ఈ కాలు ఇక ఇంతేనేమో. నడవనని చెప్పేశాను."

ఆయనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓదార్చడం చేతకాదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఓదార్చిన పాపాన పోలేదు. కళ్లు మూసుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"అక్కా, నువ్వెళ్లిన కొత్తలో మేనేజరు ఇల్లంతా పాడుచేసింది. నీ పరుపు కూడా తడిపేసింది. తిరగేసి వేశాను."

"తిరగేశావా?" ఫోను అదిరిపోయింది. "దూది మార్చకుండా తిరగేశావా? పరుపులు కుట్టేవాడివేనట్రా నువ్వు? ఉండు, నడిచొచ్చి చెప్తా నీ సంగతి. సిస్టర్, ఆ కర్ర ఇటివ్వండి. నన్ను లేపండి ముందు."

ఫోనులో కర్ర టకటకలు వినిపించాయి. ఒక్కో అడుగుకూ ఒక్కో తిట్టు. మేనేజరు గిర్రున తిరిగి కూర్చుంది.

కాసేపటికి అక్క ఆయాసంతో ఆగింది. "వింటున్నావా, లేదా?"

"వింటున్నానక్కా, ఆపకు," అన్నాడు పరుపులాయన కళ్లు తుడుచుకుంటూ. "దీనికింకా అవలేదు."