గట్టున పెట్టిన ఒట్టు

పుస్తకం మీద రాసినవాడి పేరుంటుంది, అచ్చు వేసినవాడి పేరుంటుంది. కుట్టినవాళ్ళ పేరుండదు. అక్క ఇరవై రెండేళ్ళుగా ప్రెస్సు వెనక గదిలో అచ్చుకాగితాలు చెక్కబద్దతో మడిచి కుడుతోంది. కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని పళ్ళతోనే కొరుకుతుంది.

ఆ మధ్యాహ్నం ఆమె బల్ల మీదికి తమ్ముడి మొదటి నవల వచ్చింది. ప్రెస్సులో చేరిన కొత్తలో, కోసి పారేసిన కాగితపు ముక్కలు ఏరి వాడికి నోటుబుక్కులు కుట్టిచ్చేది. వాడు కథలు రాయడం నేర్చింది వాటిల్లోనే.

మడవని కాగితం మీద పేజీలు వరసలో ఉండవు, కొన్ని తలకిందులుగా కూడా ఉంటాయి. అయినా మడుస్తూ మడుస్తూ తనకోసం వెతికింది. దొరికింది. కథలో ఒక పిల్లాడు రాసుకోవడానికి బడి హాజరుపట్టీలోంచి తెల్లకాగితాలు చింపుతాడు. ఆ నేరం తన నెత్తిన వేసుకుని బడి పోగొట్టుకున్నది మాత్రం అక్క కాదు, అన్న!

సాయంత్రం తమ్ముడు వచ్చాడు.

"రండి రచయితగారూ! నాకు మీసాలెప్పుడు మొలిచాయో కాస్త చెప్తారా?"

"ఏంటక్కా?"

"బడి పోయింది నాకు. పేరేమో అన్నకి కట్టబెట్టావు. మనకి అన్నెక్కడున్నాడ్రా?"

తమ్ముడు తల దించుకున్నాడు. "ఎవరికీ చెప్పనని నీ నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నావుగా."

"అమ్మకి తెలిస్తే నీ వీపు చిట్లగొడుతుందని! అమ్మ పోయి ఆరేళ్ళయింది కదరా వెర్రినాగన్నా."

"అమ్మ పోయినా నువ్వు ఒట్టు తీసెయ్యలేదుగా."

నిజమే, అక్క తీయడం మరిచిపోయింది. మేడమెట్ల కింద ఇద్దరూ నక్కి కూర్చున్న రోజు, సిరావాసన కొట్టే ఆ చిన్న చెయ్యి తన పాపిట మీద ఆనడం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ వాడు ఆ చెయ్యి తీయనేలేదు.

"మరి ఆ అన్న నోటుబుక్కు కుట్టి దారం పళ్ళతో కొరుకుతాడని రాశావేం?"

"దాని మీద ఒట్టు లేదు."

అక్క ఫక్కున నవ్వింది. కళ్ళు మాత్రం మాట వినలేదు.

"సరే, ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఇప్పుడు నన్ను రాయి."

"అచ్చయిపోయిందక్కా."

"ఇంకోటి రాయి, ఏం పోయింది?"

బల్ల కింద పడి ఉన్న కాగితపు ముక్కలు తీసి అంచులు సరిచేసి కుట్టడం మొదలుపెట్టింది. తమ్ముడు కత్తెర అందించబోయాడు. అప్పటికే కొరికేసింది.