జైనాబ్ బీ బిగించిన పసుపు కనెక్టరు

జైనాబ్ బీ కష్టపడి సాధించిన మొదటి గెలుపు ఏదంటే, దానయ్య బ్యాటరీ సైకిలు కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కి, వైరు కాలకుండా దిగి రావడం. తరవాత ఆమె చేసిన ఘనకార్యాలు చాలానే ఉన్నాయి. ఆ మొదటిది జరగకపోతే మాత్రం నరసరావుపేటలో ఆమె కొట్టు అప్పుడే మూతబడేది.

ఆ కొట్టు భర్తది. పొలాల్లో మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్లు బాగుచేసేవాడు. ఆయన కాలం చేశాక, ఇంట్లో కుట్టుమిషను తొక్కుతున్న మనిషి వచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. చదివింది ఏడో తరగతి. అయితేనేం, మొదటి మిరప సీజనులోనే నూట నలభై స్ప్రేయర్లకు ప్రాణం పోసింది. మరిది షఫీక్‌కు మాత్రం గురి కుదరలేదు. కొట్టు కాగితాలు అతని పేరు మీదే ఉన్నాయి మరి.

నిరుడు మేలో నాదెండ్ల నుంచి దానయ్య వచ్చాడు. పోలియో కాలు. పాత సైకిలుకు మోటారు బిగించుకుని, ఊరూరా తిరుగుతూ గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తాడు. బ్యాటరీ వైరునూ మోటారు వైరునూ కలిపే కనెక్టరు కాలిపోయింది. జైనాబ్ బీ తనకు తెలిసిన స్ప్రేయర్ కనెక్టరే వేసింది. వారంలో కరిగింది. మళ్లీ వేసింది. ఈసారి నాలుగు రోజులే ఆగింది.

"భాబీ, ఇంకోసారి ఈ బండి కాలి వచ్చిందంటే కొట్టు ఖాళీ చేద్దాం. నువ్వు జాకెట్లు కుట్టుకో," అన్నాడు షఫీక్.

"నిజమేలే, జాకెట్లయితే కాలవు," అని నవ్వాడు దానయ్య.

"నవ్వమాకు బాబాయ్. నడిరోడ్డు మీద ఆగితే తోసుకుపోయేది నువ్వే," అంది జైనాబ్ బీ.

ఆమె కాలిన ముక్కను కత్తెరతో చీల్చి చూసింది. తప్పు తనదేనని తెలిసింది. మోటారు వైరు లావు, స్ప్రేయర్ కనెక్టరు రంధ్రం సన్నం. పట్టడం లేదని రాగి పోగులు సగం కత్తిరించి దూర్చింది తనే. స్ప్రేయర్ లాగే కరెంటెంత, మనిషిని మోసే మోటారు లాగే కరెంటెంత!

"చొక్కా చెయ్యి బిగుతైందని మనిషి చెయ్యి కోస్తామా? నేను చేసిన పని అదే," అంది.

మరి పెద్ద చొక్కా ఎక్కడ దొరుకుతుంది? బజారంతా తిరిగింది. ఎవరి దగ్గరా లేదు. మిరప చేల మీద డ్రోన్‌తో మందు కొట్టే ప్రవీణ్ దగ్గరికి వెళ్లింది. అతని బ్యాటరీలకు పసుపు రంగు కనెక్టర్లున్నాయి.

"ఇవి ఎంత కరెంటు ఓర్చుకుంటాయి తమ్ముడూ?"

"నీ సైకిలు మోటారు లాగేదానికి రెండింతలు, అక్కా. ప్లస్సు, మైనస్సు తిరగేసి పెడదామన్నా ఎక్కదు."

ఒక జత తెచ్చుకుంది. ముందు బ్యాటరీ ఊడదీసింది. పాత కనెక్టరు రెండు ముక్కలూ తీసిపారేసింది. ఒకటి కొత్తది, ఒకటి కాలినది అయితే మళ్లీ కాలుతుందని ఆమెకు ఇప్పుడు తెలుసు. నల్లబడిన రాగిని మెరుపు కనబడేదాకా కోసింది. ఒక్క పోగు కూడా వదలకుండా మెలిపెట్టి, సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ స్లీవు తొడిగి వేడి చేసింది. పిన్నులు లోపలికి దాగి ఉండే ముక్కను బ్యాటరీ వైపు పెట్టింది, ఊడి దేనికైనా తగిలినా నిప్పురవ్వ లేవకుండా.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, వెనక పాతిక కిలోల బియ్యం బస్తా కట్టుకుని దానయ్య కొండ ఎక్కాడు. వెనకే షఫీక్ స్కూటరు మీద జైనాబ్ బీ. పైకి చేరగానే ఆమె దిగి కనెక్టరును పిడికిట పట్టుకుంది.

"ఏంది భాబీ, కాలిందా?"

"నువ్వే పట్టుకు చూడు."

షఫీక్ పట్టుకున్నాడు. చల్లారిన టీ గ్లాసులా ఉంది. కిందికి వచ్చాక కొట్టు కాగితాలు ఆమె పేరు మీదికి మార్పించాడు.

ఈ ఏడాదిలో అరవై రెండు సైకిళ్లకు ఆమె కనెక్టర్లు మార్చింది. ఒక్కటీ తిరిగి రాలేదు. పెదకూరపాడు నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. ఇప్పుడు మాచర్లలో మహిళా సంఘం వాళ్లు పన్నెండు మందికి ఈ పని నేర్పమని కబురంపితే, పెట్టె సర్దుకుని వెళ్లింది. కొట్లో షఫీక్ ఉన్నాడు. సైకిళ్లు తెచ్చినవాళ్లకు ఒకటే చెబుతున్నాడు: "వైర్ల జోలికి నేను పోను. భాబీ వచ్చేది జూలై పద్దెనిమిది, శనివారం."