నాయన కట్టిన మోకాలు

మా నాయన ఎముకలకు కట్టు కట్టేవాడు. కోడిగుడ్డు సొన, మినప్పిండి, వెదురుబద్దలు, అంతే ఆయన ఆస్పత్రి. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య ఎవరి చెయ్యి విరిగినా మా అరుగు మీదికే వచ్చేది. మనిషి దాని వెనకాల వచ్చేవాడు.

డెబ్బైల చివర్లో కౌతాళంలో కబడ్డీ ఆడుతూ గిరుక్కున వెనక్కి తిరిగాను. కాలు తిరగలేదు. మోకాట్లో టప్పుమంది. పొద్దుగూకేసరికి బూడిదగుమ్మడికాయంత వాచింది. నాయన ఒత్తి చూసి, "ఎముక ఇరగలేదు. ఏమీ కాలేదు పో" అని కట్టు కట్టాడు.

వాపు దిగింది. నేరుగా అయితే ఎంత దూరమైనా నడిచేవాణ్ణి. పక్కకు తిరిగితే మోకాలు సడలి వాకిట్లోనే కూలేవాణ్ణి. ఆదోని డాక్టరు మోకాలి కిందిభాగాన్ని సొరుగులాగా ముందుకు లాగి చూసి, ఎముకల్ని పట్టి ఉంచే లోపలి పట్టీ తెగిందన్నాడు, పైకట్టుతో అతకదన్నాడు. ఇంటికొచ్చి చెబితే నాయన, "తెగినోడివి బస్సు దిగి ఎట్ల నడిచొచ్చినావురా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తన కట్టు పనిచేయలేదని ఊళ్లో ఒక్కరూ అనకూడదు, అదీ ఆయన బాధ.

పీర్ల పండగ ఊరేగింపులో పెద్దపీరును, అదే గుడ్డలు చుట్టిన పంజాను, ఎత్తేది మా ఇంటివాళ్లే. ఆ ఏడు నాయనకు ఆయాసం.

"నువ్వే ఎత్తాల."

"మోకాలు నిలవదు నాయనా."

"నేను కట్టినా గదా, నిలుస్తాది."

నిలిచింది, చావిడి మలుపు దాకా. అక్కడ పీరుతో పాటు తిరిగాను. మోకాలు జారింది. అటూ ఇటూ ఊగి, పీరును మాత్రం పైకెత్తి పట్టుకుని కూలబడ్డాను. మా పక్క పీరు ఎత్తినవాడు అట్లా ఊగితే ఒకటే అర్థం, పూనకం.

"పీరు పైకొచ్చినాడప్పో!"

డప్పులు జోరందుకున్నాయి. నా కాళ్ల మీద బిందెలతో నీళ్లు పోశారు. ఒకామె చేతులు జోడించి, "వాన యాపొద్దు వస్తాది సామీ?" అని అడిగింది.

"నా మోకాలమ్మా" అన్నాను. అది వానకు జవాబు కాదు గనక మళ్లీ అడిగింది.

నాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఊరకుంటే ఆయన కట్టుకూ మర్యాదే, మా ఇంటికీ మర్యాదే. వంగి నా మోకాలు తడిమి చూశాడు. పీరును తన భుజానికెత్తుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు.

"పీరు గాదప్పా. మావాని మోకాలు. నా కట్టు నిలవలేదు."

ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. ఏడుపు ఆగలేదు, నొప్పికి కాదు. డప్పులవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.