చల్లారని విల్లు

నా చిన్నప్పుడు మా తాతయ్య వాకిట్లో "పర్లేదు" అనే మాట చెల్లేది కాదు. నులకమంచం కాస్త వదులైంది, పర్లేదులే అని అమ్మమ్మ అన్నా సరే, ఆయన లేచి వెళ్ళి మళ్ళీ బిగించి వచ్చేవారు. ఆ మాట ఆయన నోట నేను ఒక్కసారే విన్నాను. అనిపించింది నేనే.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మాట ఇది. మా అమ్మ పుట్టిల్లు గుండుగొలనుకి దిగువన, కొల్లేటి అంచున ఉన్న ఊరు. నన్ను అక్కడే ఉంచి చదివించేవారు. వరి పాలు పోసుకునే రోజుల్లో కొల్లేటి పిట్టలు గుంపులు గుంపులుగా చేల మీద వాలేవి. వాటిని తోలడానికి తాతయ్య ఉండవిల్లులు చేసి ఇచ్చేవారు. దానికి బాణం ఉండదు. రెండు తాళ్ళ మధ్య చిన్న గుడ్డ తిత్తి, అందులో ఎండిన మట్టి ఉండ, అంతే. మిగతావాళ్ళు వెదురుబద్ద వంచి సరిపెట్టుకుంటే, తాతయ్య మెట్ట ఊళ్ళ నుంచి చేవ ఉన్న కర్ర తెప్పించి, రెండు కొసలూ వెనక్కి తిరిగేలా వంచేవారు. అలా అయితే ఉండ దూరం పోతుందనేవారు.

కర్ర చెక్కడం ఒక ఎత్తు, కాచడం ఒక ఎత్తు. కర్రకి ఆముదం రాసి, వంపుగా చెక్కిన దుంగకి తాళ్ళతో బిగించి, నిప్పుల మీద అటూ ఇటూ జరుపుతూ కాచేవారు. పిడికి పైనా కిందా ఉండే భాగాలను ఆయన రెక్కలనేవారు. రెండు రెక్కలూ ఒక్కలాగే వేడెక్కాలి, ఒకే బారున ఉండి చల్లారాలి. తొందరపడి కట్లు విప్పితే ఒక రెక్క పక్కకి తిరుగుతుంది. అప్పుడు ఉండ పిట్టల మీదకి పోకుండా, విల్లు పట్టుకున్న చేతి బొటనవేలికే వచ్చి తగులుతుంది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిందే అయితే ఇన్నేళ్ళు నన్ను పట్టుకుని ఉండేది కాదు.

ఆ ఏడు విల్లు పక్కింటి మావయ్య కోసం. ఆయన వరసకి అమ్మకి అన్నయ్య. ఉన్న కాస్త పొలం చూసుకుంటూ వలలు అల్లేవాడు. నా గచ్చకాయలు వేసుకోవడానికి చిన్న వల సంచి అల్లి ఇచ్చింది కూడా ఆయనే.

విల్లు కాచిన రోజే ఏలూరులో సర్కస్‌కి ఆఖరి రోజు. భోజనాలయ్యాక ఊళ్ళోవాళ్ళ బండి ఒకటి బయల్దేరుతోంది. విల్లు పని అయిపోతే తీసుకెళ్తానన్నారు తాతయ్య. ఇంక నేను ఆ దుంగ పక్కన చేరి, అయిందా తాతయ్యా, అయిందా తాతయ్యా అని ఆయన ప్రాణం తీశాను. అన్నం తిననన్నాను. చివరికి ఏడుపు లంకించుకున్నాను. నేను ఏడిస్తే ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. కర్ర మీద అరచెయ్యి పెట్టి చూశారు. ఇంకా వెచ్చగానే ఉంది. అయినా కట్లు విప్పేశారు. ఈ కొస నుంచి ఆ కొసకి దారం లాగి పట్టుకుని చూస్తే, పిడి మధ్యన పెట్టిన గీతకి అది బియ్యపుగింజంత పక్కగా పోయింది. నాకూ కనిపించింది. తాతయ్య దారాన్ని చూసి, నా ముఖం చూసి, "పర్లేదులే" అన్నారు.

విల్లుకి తాళ్ళు కట్టి, దారిలో మావయ్య చేతిలో పెట్టి బండెక్కాం. సర్కస్‌లో ఏనుగు స్టూలు మీద కూర్చుంటే నేను కేరింతలు కొట్టాను. పక్కన తాతయ్య ఏం చూశారో నాకు తెలియదు. ఒక చేతి బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నారు.

మర్నాడు తిరిగొచ్చేసరికి మావయ్య చేతికి పసుపు రాసిన గుడ్డ చుట్టుకుని అరుగు మీద ఉన్నాడు. బొటనవేలు వాచిపోయి గోరు నల్లబడింది. తాతయ్యని చూడగానే లేచి నిలబడ్డాడు.

"పర్లేదులెండి పెదనాన్నగారూ. నేను పట్టుకోవడంలోనే ఏదో తేడా వచ్చుంటుందండి."

"నీది కాదబ్బాయ్. వంకర నేను చూశాను. చూసే ఇచ్చాను" అన్నారు తాతయ్య.

ఎందుకిచ్చారో మాత్రం చెప్పలేదు. నేను ఆయన పంచె పట్టుకుని, ఇప్పుడు నా పేరు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. రాలేదు. మావయ్య నా వైపు తిరిగి, ఏనుగుని చూశావా అమ్మలూ అని అడిగాడు. తల ఊపాను.

తాతయ్యే ఆయన్ని ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాపు తగ్గింది గాని వేలి కణుపు మళ్ళీ సరిగ్గా వంగలేదు. అప్పట్నుంచి మావయ్య వల ముడులు పళ్ళతో లాగి బిగించేవాడు. గోడ ఇవతల నుంచి నేను చూస్తూ ఉండేదాన్ని.

తాతయ్య ఆ విల్లుని పొయ్యిలో పెట్టి కొత్తది మొదలుపెట్టారు. కాచి, కట్టిన కట్లు అలాగే ఉంచి, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టారు. చల్లారాక నువ్వు చెప్పమ్మా, అప్పుడే విప్పుతాను అన్నారు. అంతకంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది. చెయ్యి పెడితే అది కర్ర వేడో నా చేతి వేడో తెలిసేది కాదు. చెంప ఆనించి చూసేదాన్ని. చల్లారి చాలాసేపైనా, అయిందని చెప్పే ధైర్యం రాలేదు. పొద్దువాలే వేళకి తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. "ఆ రోజు నేనూ ఇలాగే కూర్చోవాల్సిందమ్మా" అన్నారు. కట్లు విప్పి దారం లాగితే అది సరిగ్గా గీత మీదుగా పోయింది. ఇద్దరికీ సంతోషం మాత్రం కలగలేదు.

నా పెళ్ళికి మావయ్య కొబ్బరికాయలు పట్టే వల సంచి అల్లి ఇచ్చాడు. ఆ సంచి ఇప్పటికీ నా దగ్గరుంది. ముడి ముడికీ పంటిగాట్లు పడి పీచు లేచి ఉంటుంది. సర్కస్ కోసం ఏడ్చింది నేనేనని ఆయనకి చెప్పకుండానే ఆయన కాలం తీరిపోయింది. ఈ వయసులో కూడా ఎవరైనా నాతో పర్లేదులెండి అంటే, నేను ముందు వాళ్ళ చేతుల వైపు చూస్తాను.