గీతల మాస్టారు ఇచ్చిన కొలత

తెల్లవారుజామున లేవగానే ఆవిడ ముందు చేసే పని పొయ్యి వెలిగించడం కాదు, కిటికీ పక్కన కూచుని బ్లేడుతో కుట్లు విప్పడం. ముందురోజు భర్త, దర్జీ మాస్టారు, చేత్తో వేసిన కాజాలూ అంచులూ ఒడిలో పెట్టుకుని, గుడ్డకి గాటు పడకుండా ఒక్కో పోగూ లాగేసి మళ్లీ కుట్టేది. మొదట ఏడాది పైన దొంగచాటుగా, ఆయన దగ్గు వినిపించేలోగా. తర్వాత నాలుగేళ్లు ఆయన ఎదురుగానే. ఇప్పుడూ అదే వేళకి మెలకువ వస్తుంది, అదే కిటికీ దగ్గర కూచుంటుంది. మూడు వారాలుగా ఒడి ఖాళీ.

ఆయన్ని వీధిలో అందరూ గీతల మాస్టారు అనేవాళ్లు. స్కేలు పెట్టకుండా సుద్దముక్కతో గుడ్డ మీద గీసినా గీత అంత తిన్నగా పడేది. తొందరపడి మాట్లాడేవారు కాదు, తొందరపడి కత్తెరా పెట్టేవారు కాదు. అలాంటి కుడిచేతికి వణుకు పట్టుకుంది. పార్కిన్సన్ అన్నారు. మెదడులో కదలికల్ని నడిపే కణాలు కొన్ని చచ్చిపోతూ వస్తాయట, ఎందుకన్నది ఇంకా పూర్తిగా తెలియదట. పెద్దాసుపత్రిలో ఆ జబ్బుకి కొత్త మాత్ర మీద పరిశోధన చేస్తున్నారంటే ఆయనే వెళ్లి పేరిచ్చి వచ్చారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి మందు లేని ఉత్త మాత్ర. ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చే డాక్టరమ్మకీ తెలియదు, మింగే మాస్టారికీ తెలియదు.

నెలకోసారి అక్కడ కాగితం మీద సుడి బొమ్మ గీయాలి. నడిమధ్య మొదలెట్టి చుట్లు చుట్లుగా బయటికి రావాలి. గీత ఎంత వణికితే జబ్బు అంత ముదిరినట్టు.

"బావగారూ, ఈ వయసులో సున్నాలు దిద్దుకోవడానికి బడికెళ్తున్నారా?" అని ఏడిపించేవాడు ఆవిడ తమ్ముడు. వాడు బస్సు డ్రైవరు.

"నీ బస్సు కంటే నా సున్నా తిన్నగా పోతుందిలేరా," అనేవారు ఆయన.

మొదటి మూడు నెలలూ సుడి గజిబిజిగా వచ్చింది. నాలుగో నెల నుంచి తేటపడింది. ఆరో నెల కాగితాన్ని డాక్టరమ్మ వెలుతురుకి పట్టి చూసి, "అందరికీ ఇలాగే ఉంటే ఇంకా వందల మందికి ఇచ్చి చూస్తాం మాస్టారూ," అంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

ఆవిడ ముఖం చిన్నబోయింది. పొద్దున్నే తను చూసే కుట్లు నానాటికీ కుంచించుకుపోతున్నాయి. ఆవగింజల్లా ఒకదాని మీదొకటి పడుతున్నాయి. మరి ఇక్కడ గీత ఎలా బాగుపడింది? గీసేటప్పుడు ఆయన చేతినే చూసింది కాబట్టి తెలిసింది. చిటికెన వేలు కాగితానికి ఆనించి, మణికట్టు బల్ల అంచుకి అదిమి, ఊపిరి బిగబట్టి లాగారు. ఖరీదైన గుడ్డ మీద సుద్ద పెట్టేటప్పుడు చేసే పనే అది. అందులో మోసమేమీ లేదు పాపం. పరీక్ష అన్నారు, చేతనైనంత బాగా గీశారు, అంతే.

చెబితే ఆయనకి రెండు సంగతులు తెలుస్తాయి. మందు పనిచేయడం లేదని ఒకటి, తన చేతిపనిని పెళ్లాం రోజూ విప్పేస్తోందని రెండోది. ఆ రెండోదే ఆవిడ చెప్పలేకపోయింది. నెల రోజులు ఉగ్గబట్టుకుంది. మళ్లీ వెళ్లే రోజున ఒక చొక్కా చెయ్యి, కుట్లు విప్పకుండా, సంచిలో పెట్టుకుంది. పెట్టుకుందే గానీ బయటికి తీస్తానన్న నమ్మకం లేదు.

వరండా బెంచీ మీద ఒకమ్మాయి వాళ్ల నాన్నకి మంచినీళ్లు పడుతోంది. సగం నీళ్లు ఆయన చొక్కా మీదే. "ఆ కొత్త మాత్ర అందరికీ ఎప్పుడిస్తారో మీకేమైనా తెలుసా పెద్దమ్మా?" అని అడిగింది. ఆవిడ ఆ తడిసిన చొక్కా వంకే చూసింది. లోపలికి వెళ్లగానే సంచిలోంచి చొక్కా చెయ్యి తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"నిన్న ఆయన కుట్టింది."

మాస్టారు దాన్ని అందుకుని కుట్టు మీద గోటితో రాసి చూశారు. "ఇది నా కుట్టేనా?"

"మీదేనండీ."

"మరి షాపు నుంచి వెళ్లినవి?"

"మీరు లేవకముందే విప్పి నేను కుట్టేదాన్ని. గీత కూడా చెయ్యి ఆనించి గీస్తున్నారు, అందుకే అలా వస్తోంది."

"ఈమధ్య కాజాలు బాగా కుదురుతున్నాయని తెగ మురిసిపోయాను. నీవన్నమాట," అన్నారాయన. ఆవిడ తలెత్తలేదు.

"నేను చూసుకోవాల్సింది," అంది డాక్టరమ్మ మెల్లగా.

"ఇంకో కాగితం ఇవ్వండమ్మా. కొలతలు తీస్తుంటే పొట్ట లోపలికి లాక్కునేవాళ్లని నలభై ఏళ్లు తిట్టాను. తీరా నా వంతు వచ్చేసరికి నేనూ లాక్కున్నాను."

కుర్చీ వెనక్కి జరుపుకుని, చెయ్యి గాల్లో ఉంచి గీశారు. కోడి కెలికినట్టు వచ్చింది. కింద తారీఖు వేసి, "ఇదీ నా కొలత," అని చేతికిచ్చారు. తన పనితనానికే పేరుపడ్డ మనిషి, ఆ పిచ్చిగీతని నలుగురి ముందూ తనదని ఒప్పుకున్నారు. ఆవిడకి ఆయన గీసిన గీతలన్నిట్లో అదే తిన్ననిదనిపించింది.

పాత కాగితాల మీద అవి ఎలా గీసినవో డాక్టరమ్మ రాసిపెట్టింది. ఆనాటి నుంచి ఎవరూ చెయ్యి ఆనించకూడదన్నారు. ఈ జబ్బులో చేతిరాత చిన్నదైపోతుందట, కుట్టూ అలాగే అవుతోందని చూసి, నెలకో జానెడు గుడ్డ కుట్టి తెమ్మంది. విప్పొద్దని ఆవిడకి మరీ మరీ చెప్పింది. మూడేళ్లలో ఒక్క నెలా తప్పలేదు. చివరికి ఆ మాత్రలో పస లేదని తేలింది. ఆ మాట చెప్పడానికి డాక్టరమ్మ నసుగుతుంటే, "సరిపోదని ట్రయల్లోనే తెలిసిందిగా, మంచిదే. ఇంకో గుడ్డ చూడండి," అన్నారు మాస్టారు.

పోయిన ఏడాది, తన తర్వాత మెదడుని పరిశోధనకి ఇవ్వమని సంతకం పెట్టారు. "పోగు ఎక్కడ తెగిందో విప్పితేనే కదా తెలిసేది. నీకు విప్పడం అలవాటేగా, భయపడకు," అన్నారు ఆవిడతో. ఆలస్యమైతే పనికిరాదని, వెంటనే కబురు చెయ్యమని ఆసుపత్రివాళ్లు ముందే ఒక ఫోన్ నంబరు ఇచ్చి ఉన్నారు. ఆయన ఊపిరి ఆగిన పొద్దున, ఆ నంబరుకి ఫోన్ చేసింది ఆవిడే.

నిన్న తమ్ముడు వచ్చాడు. మాస్టారు చివరగా పట్టుకున్నది వాడి డ్యూటీ చొక్కా. కింది అంచు సగం వరకు ఆవగింజల కుట్టు, సూది అలాగే గుచ్చి ఉంది.

"విప్పేసి సరిగ్గా కుట్టియ్యక్కా, వేసుకుంటాను."

"ఇవ్వను."

"పోనీ మిగతా సగమైనా కుట్టు."

"అదీ కుట్టను. పాతది వేసుకుపో."

వాడు చెప్పులేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఈ పొద్దున ఆవిడ చొక్కా ఒడిలో పరుచుకుని, బ్లేడు డబ్బా తీసి, మళ్లీ మూత పెట్టేసింది. సూది కదలకుండా చొక్కా మడిచి అలమారలో పెట్టి, పొయ్యి వెలిగించడానికి లేచింది.