ఎద్దును తెచ్చినవాడు ఎందుకు గొణిగాడు?

మా చిన్నప్పుడు బంద్ రోజున... మన్సూరాబాద్‌లో మా కిరాయి ఇంటి ముందు నాయిన ఆటో పొద్దంతా కదలకుండా ఉండేది. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోజూ షేర్ ఆటో తిప్పే మనిషి, ఆ రోజు మాత్రం బనీను మీద నులకమంచంలో కూర్చుని నాతో పాఠాలు చదివించుకుని వినేవాడు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. నేను తొమ్మిదో తరగతి. గిరాకీ లేదని అమ్మ పరేషాన్ అయ్యేది కానీ, నాకు లోపల సంతోషంగానే ఉండేది. నల్గొండ దగ్గర పల్లెలో, ఐదో తరగతిలో నాయినను బడి మాన్పించి పెద్దరైతు ఇంట్లో జీతానికి పెట్టారట. అందుకేనేమో, నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. మధ్యలో ఏదో ఒకటి అడిగేవాడు.

ఆ వారం చదివింది ఒక కథ. రైతు ఎద్దు తప్పిపోతుంది. ఇంట్లో పాలేరుగా ఉండే జీతగాడు రెండు రోజులు తిండి లేకుండా గుట్టలన్నీ తిరిగి దాన్ని తోలుకొస్తాడు. ఎద్దు దొరికిందని అతను 'గొణిగాడు' అని రాశాడు రచయిత.

నాయిన కళ్ళు తెరిచాడు.

"ఎద్దును దొర్కపట్టింది వాడే కద బిడ్డా... మల్ల గొణుగుడేంది? నేను గూడ జీతమున్న. తప్పిపోయిన ఎద్దు దొరికితె ఊరంత ఇనవడేటట్టు కేకేసి చెప్తం."

నేను మళ్ళీ మొదటి నుంచి చూశాను. నీలం పెన్నుతో రైతు దగ్గర, ఎర్ర పెన్నుతో జీతగాడి దగ్గర గీతలు గీశాను. రైతు నోరు తెరిస్తే 'అన్నాడు', 'పలికాడు', 'సెలవిచ్చాడు'. జీతగాడు నోరు తెరిస్తే... 'గొణిగాడు', 'నసిగాడు', 'వాగాడు'. రైతు 'భోంచేశాడు', జీతగాడు 'మెక్కాడు'. కథ మొత్తంలో అతను ఒక్కసారి కూడా ఏదీ 'చెప్పలేదు'. పైగా అది పేదవాళ్ళ మీద జాలితో రాసిన కథ అని గైడ్‌లో పొగడ్తలు!

మా బళ్ళో ప్రతి శనివారం సెమినార్ ఉండేది. పేరుకే సెమినార్... గైడ్‌లో ఉన్న విశ్లేషణను తెలుగు సార్ బోర్డు మీద రాస్తాడు, మేం ఎక్కించుకుని బట్టీపట్టి అప్పజెప్పాలి. క్లాసంతా ఒకరి తర్వాత ఒకరు అదే విశ్లేషణ. చేతులు కట్టుకుని, గోడ వైపు చూస్తూ... ఆ వారం బంద్‌ల వల్ల సార్ బోర్డు మీద ఏమీ రాయలేదు. నా వంతు వచ్చింది. నేను నాదే చదివాను.

సగంలోనే సార్ ఆపాడు. ఎవరు రాసిచ్చారని అడిగాడు. నేను గొప్పగా, మా నాయిన చెప్పిండు సార్ అన్నాను. ఆయన ఏం చేస్తాడని అడిగాడు. చెప్పాను. క్లాసంతా నవ్వింది. సార్ కూడా నవ్వాడు. సోమవారం మీ నాన్నను తీసుకురా, అప్పటిదాకా క్లాసు బయటే నిలబడు అన్నాడు.

ఒక సంగతి చెప్పాలి. ఆ సార్‌ది కూడా మా జిల్లానే. ఫోన్‌లో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే అచ్చం మా ఇంటి మాటలే వినిపించేవి. ఫోన్ పెట్టేశాక మళ్ళీ పుస్తకం భాష... మా నోట మన మాట వస్తే బెత్తం తీసేవాడు. బయటివాళ్ళ మీద కోపం తొందరగానే చల్లారుతుంది. ఇలాంటివాళ్ళ మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

సోమవారం నాయిన ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. చెప్పులు స్టాఫ్ రూమ్ బయట విడిచాడు. మీ అమ్మాయి క్లాసులో ఉద్యమం నడుపుతోంది, మీరే నేర్పారట కదా అన్నాడు సార్.

"నాకేం తెల్వది సార్. సదువుకోనోన్ని. పిల్ల తెల్వక చేసింది... మాఫ్ చెయ్యుండ్రి."

పక్కనే ఉన్న నాకే ఆయన గొంతు సరిగా వినిపించలేదు. ఆ రోజు మా నాయిన ఎలా మాట్లాడాడో రాయడానికి ఆ రచయిత దగ్గర మాట సిద్ధంగా ఉంది. నేను ఆ మాట వాడను. మా నాయిన చెప్పాడు... అంతే.

తర్వాత నాతో గైడ్ విశ్లేషణ చదివించారు. 'రచయిత పదప్రయోగం పాత్రోచితం, సహజసుందరం...' క్లాసంతా చప్పట్లు కొట్టింది. అరికాలి మంట నెత్తికెక్కినా గుక్క తిప్పుకోకుండా చదివాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి నాయిన మీద విరుచుకుపడ్డాను. తెలిసి కూడా తెల్వదని ఎందుకు చెప్పినవ్ అని నిలదీశాను. నీ మార్కులు ఆ సార్ చేతుల్లో ఉన్నాయి, నా మాట నెగ్గితే నువ్వు పాసైతవా అన్నాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

వారం తర్వాత నేను మాట్లాడాను. కానీ నాయిన నా పాఠాలు వినడం మానేశాడు. ఆ తర్వాత ఎన్ని బంద్‌లు వచ్చాయో... నేను పుస్తకం తీస్తే చాలు, బట్ట తీసుకుని ఆటో తుడవడానికి బయటికి పోయేవాడు. రమ్మని పిలిస్తే, నాకేం సమజైతది బిడ్డా అనేవాడు.

రాష్ట్రం వచ్చింది. మొన్న ఎవరో వీడియో పంపారు... అదే సార్, మెడలో శాలువా, చేతిలో మైకు. మన యాస మన ప్రాణం అని గొంతు చించుకుంటున్నాడు. కింద జనం చప్పట్లు. ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

నాయినకు చూపించాను. ఈ సార్ గుర్తున్నాడా అన్నాను. గుర్తున్నాడన్నాడు. మరి ఏమంటావు అన్నాను.

"మంచిగనే చెప్తున్నడు. సదువుకున్నోళ్ళు... నాకేం తెలుస్తది?"

ఆ రోజు నా మార్కుల కోసం ఆడిన అబద్ధాన్ని మా నాయిన ఇప్పుడు నిజమనుకుంటున్నాడు. మన మాటకు స్టేజీలొచ్చాయి, శాలువాలొచ్చాయి... పాఠం మధ్యలో ఆపి ప్రశ్న అడిగే మా నాయిన మాత్రం నాకు తిరిగి రాలేదు.

మీ ఇంట్లో కూడా బడికి పోనివాళ్ళెవరైనా మీ పాఠం విని ఒక మాట చెప్పే ఉంటారు. కింద రాయండి. వాళ్ళ పేరు పెట్టి రాయండి.