ఆరెంజ్ సున్నా దగ్గర

రెసిషన్‌లో ఉద్యోగం ఊడనందుకు నాకు నేనే ఇచ్చుకున్న బహుమతి ఆ కెమెరా. అమెరికాలో చాండ్లర్ అనే ఎడారి ఊళ్లో, కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో వారమంతా సిలికాన్ ముఖం చూసి, వీకెండ్ రాగానే మనుషుల ముఖాల మీద పడేదాన్ని. నలుపు తెలుపు ఫోటోలంటే నాకు పిచ్చి. కెమెరా చూసింది చూసినట్టు దాచుకునే పచ్చి ఫైలు ఒకటుంటుంది, రా ఫైల్ అంటారు. దాన్ని కంప్యూటర్‌లో వేసుకుని రంగులు తీసేస్తూ కూర్చుంటే కలిగే ఆనందం నాకు ఏ పెళ్లిచూపుల్లోనూ కలగలేదు.

పెళ్లిచూపులంటే గుర్తొచ్చింది. అప్పట్లో నా పెళ్లి బాధ్యతను దేశానికి అటు చివర షాంటిలీలో ఉండే మా పిన్ని నెత్తినేసుకుంది. నేను నల్లగా ఉంటాను. మావాళ్లు చామనఛాయ అంటారు. చామనఛాయ అనేది నల్లపిల్లకి బంధువులు ఇచ్చే డిస్కౌంట్. సంబంధాల కోసం ఇండియాలో తీయించిన ఫోటోకి స్టూడియోవాడు చేసిన టచప్‌లో, చెవులు తప్ప మిగతా మనిషి ఎవరో నాకే తెలియలేదు. సెలవుల్లో వెళ్లినప్పుడు ఆ ఫోటో చూసి మోజుపడి వచ్చినవాళ్లు, నన్ను చూసి వెళ్లిపోయారు. జాతకాలు కలవలేదట. ఇంటికొచ్చేదాకా కలిసే ఉన్న జాతకాలు, నేను కాఫీ తెచ్చేలోపు ఎలా విడిపోయాయో ఆ దేవుడికే తెలియాలి.

అందుకని ఈసారి నా ఫోటో నేనే తీసుకుంటానన్నాను. బాల్కనీ తలుపు పక్కన వెలుతురులో కుర్చీ వేసుకుని, కెమెరాకి టైమర్ పెట్టి తీసుకున్నాను. నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఏ రంగు ఎంత తెల్లబడాలో చెప్పడానికి తెర మీద అటూ ఇటూ జరిపే స్లైడర్ రంగుకొకటి ఉంటుంది. మన ఒంటి రంగు ఆరెంజ్ స్లైడర్ చేతిలో ఉంటుందని అప్పుడే తెలిసింది. అది పెంచితే మైదాపిండిలో పడి లేచినట్టున్నాను. తగ్గిస్తే కళ్లూ పళ్లూ మాత్రమే మిగిలాను. అన్నీ సున్నా దగ్గర వదిలేస్తే అక్కడ నేనున్నాను. చాలాసేపు చూసుకున్నాను. నాకు నేను నచ్చాను. నన్ను చేసుకునేవాడు ఈ ముఖాన్ని చూసే ఒప్పుకోవాలని అప్పుడే పంతం పట్టాను.

పిన్నికి మెయిల్ చేరిన వెంటనే ఫోన్ వచ్చింది.

"ఏంటే ఇది? ఎవరైనా పోయారనుకుంటారు. దండొక్కటే తక్కువ!"

"బాగాలేదా పిన్నీ? ఒక్క స్లైడర్ కూడా ముట్టుకోలేదు తెలుసా," అని ఉత్సాహం పట్టలేక ఆరెంజ్ సంగతంతా చెప్పేశాను.

"అయితే ఆ ఆరెంజేదో ఇంకాస్త పెంచవే తల్లీ! నీ సొమ్మేం పోయింది?"

"పెంచను."

"నీ ఖర్మ," అని పిన్ని ఆ ఫోటోనే ఉత్తరాన మంచు పడే నోవైలో ఉన్న ఒక కార్ల ఇంజనీరుకి పంపింది.

అతని ఫోటో నాకొచ్చింది. మంచులో నిలబడి తీయించుకున్నాడు. అంత తెలుపు చూసి కెమెరా బెదిరిపోయి అతని ముఖాన్ని బొగ్గు చేసింది. నేను మాత్రం అతని ఛాయ గురించి ఎవర్నీ వాకబు చేయలేదు. ఆదివారం ఫోన్ చేశాడు. మంచులో కారు డ్రైవ్ చేస్తూ ఎవరి మెయిల్‌బాక్స్‌నో గుద్దేసిన కథ చెప్పాడు. నవ్వాను, అవసరమైన దానికన్నా ఎక్కువే నవ్వాను. ఆ గొంతు నాకు నచ్చింది.

తర్వాతి ఆదివారం మాత్రం కథలేమీ చెప్పలేదు.

"ఏమనుకోకండీ... కలర్ ఫోటో ఏమైనా ఉందా మీది?"

"ఎందుకండీ?"

"అంటే... మమ్మీ అడుగుతోంది. ఛాయ ఎలా ఉంటుందీ అని."

కలర్ ఫోటో అయితే ఎవరూ ఏమీ అడగక్కర్లేదు. చూసి, నెపం జాతకాల మీదకి తోసేస్తే సరిపోతుంది. నా నలుపు తెలుపు ఫోటో ఆ మాటని నోరు తెరిచి అడిగించింది. ఒళ్లు మండింది. ఏడుపు కూడా వచ్చింది, అది ఆ గొంతు వల్ల.

"పంపిస్తానండీ," అన్నాను. ఎవరైనా తెరిచి చూడగలిగే మామూలు జేపెగ్ ఫోటో కాదు, రా ఫైలే పంపాను. "ఇందులో అన్ని రంగులూ ఉన్నాయి. మీ మమ్మీకి ఎంత ఛాయ కావాలో అంతకి మార్చుకోండి," అని కింద రాశాను.

మర్నాడు జవాబొచ్చింది. "ఫైల్ ఓపెన్ అవ్వట్లేదండీ." ఎలా ఓపెన్ చేయాలో అతను అడగలేదు, నేను చెప్పలేదు. వారం తిరక్కుండానే జాతకాలు కలవలేదని పిన్నికి కబురు అందింది.

ఆ వేసవిలో పిన్ని చాండ్లర్ వచ్చింది. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటిదాకా ఎండనీ నన్నూ కలిపి తిట్టింది. హాల్లో ఆ ఫోటోని పెద్దగా ప్రింట్ తీసి గోడకి పెట్టుకున్నాను. పిన్ని దాని ముందు ఆగిపోయింది. పిన్నిదీ నా రంగే. నాకు ఊహ తెలిశాక పౌడర్ లేని పిన్ని ముఖం నేను చూడలేదు.

"దండ తెమ్మంటావా?" అన్నాను.

పిన్ని బాత్రూమ్‌లోకి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది. పౌడర్ ఉన్న హ్యాండ్‌బ్యాగ్ జోలికి పోకుండా, కుర్చీని బాల్కనీ తలుపు పక్కకి లాక్కుని కూర్చుంది.

"నాకూ ఒకటి తియ్యవే," అంది. "ఆ ఆరెంజ్ ముట్టుకున్నావంటే చంపేస్తాను."